‘ఎక్సిజెంట్ సర్కమ్‌స్టాన్సెస్’కి తెలుగు మాట?

అమెరికా పోలీసు చట్టం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయానండి. వారంటు లేకుండా పోలీసులు ఒకరి కారుకి జీపీఎస్ పరికరం తగిలించవచ్చా అన్నది విషయం. మామూలుగా కుదరదు. వారంటు తెచ్చేలోపు ఎవరి ప్రాణమైనా పోయేలా ఉంటే, నిందితుడు తప్పించుకునేలా ఉంటే మినహాయింపు ఉంటుంది. ఆ మినహాయింపుకే ఈ పేరు. ‘అత్యవసర పరిస్థితి’ అని రాశాను. చదివిన మా అన్నయ్య “1975 గురించా?” అన్నాడు!

మొదటి జవాబు:
‘పరిస్థితి’ తీసేసి ‘అత్యవసరంలో’ అంటే సరిపోతుంది కదా.

రెండో జవాబు:
సరిపోదండి. మనకి కరెంటు బిల్లు కట్టడం కూడా అత్యవసరమే. నా ఓటు ‘ఆపద్ధర్మం’కి. భారతం శాంతిపర్వంలో కరువు కాలంలో విశ్వామిత్రుడు ప్రాణం నిలుపుకోవడానికి కుక్క మాంసం తినడానికి సిద్ధపడతాడు. అది ఆయనకి నిషిద్ధమే. ఆపద ఉన్నంతసేపే ఆ సడలింపు, వాన పడితే చెల్లదు. అమెరికా కోర్టులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఆపద తీరాక వారంటు కావాలన్న పాత నియమం మళ్లీ అడ్డొస్తుంది. ‘అత్యవసరం’లో ఈ గడువు వినిపించదు.

పోస్టు పెట్టినవారు:
బాగుంది గానీ, పేపర్ల పుణ్యమా అని ‘ఆపద్ధర్మ’ అనగానే ముఖ్యమంత్రే గుర్తొస్తాడు. ధర్మం అనేసరికి పోలీసులు చేసింది ఒప్పే అన్న తీర్పు ముందే ఇచ్చినట్టు కూడా అనిపిస్తోంది. అది తేల్చాల్సింది జడ్జి కదా.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఇది ఒప్పుకుంటాను. ‘ధర్మం’ వదిలేసి ‘తాత్సారానికి వీల్లేని ఆపద’ అనండి. లాటిన్ మూలానికి కూడా ‘వెంటపడి రాబట్టు’ అనే అర్థం ఉంది. తరుముకొచ్చే అవసరం అన్నమాట.

ఇంకొకరు:
అసలు చిక్కు ‘ట్రాకింగ్’ దగ్గర ఉందండి. మనం ‘నిఘా’ అని ఒకే మాట వాడేస్తాం. ఉర్దూ ‘నిగాహ్’, అంటే చూపు. అది అదేపనిగా చూస్తూ ఉండటం. 2012లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన జోన్స్ కేసు చూడండి. జోన్స్ అనే అనుమానితుడు వాడే జీపుకి పోలీసులు జీపీఎస్ తగిలించి 28 రోజులు వెంబడించారు. అది నిఘాయే. తమాషా ఏమిటంటే అక్కడ వారంటు ఉంది. పది రోజుల్లోపు, వాషింగ్టన్ డీసీలో తగిలించమన్నారు. వీళ్లు పదకొండో రోజున మేరీల్యాండ్‌లో తగిలించారు! తొందర ఏమీ లేదు, వట్టి అలసత్వం. ఈ కేసులో పోలీసులు చేసింది అమెరికా రాజ్యాంగం చెప్పే సోదాయే అని తొమ్మిది మంది జడ్జీలూ తేల్చారు. మనకి ‘సోదా’ అంటే బీరువాలు తిరగెయ్యడమే. బంపరు కింద డబ్బా అతికించడాన్ని సోదా అంటే పాఠకుడు తికమకపడతాడు, ఒక వాక్యం వివరణ ఇవ్వండి.

ఎత్తుకుపోయిన బిడ్డ ఉన్న కారు కోసం గంటసేపు వెతికితే మాత్రం అది ‘ఆచూకీ తీయడం’. అదే కోర్టు 2018లో ఇచ్చిన కార్పెంటర్ తీర్పు ఫోను కంపెనీ దగ్గరుండే లొకేషన్ వివరాల గురించి. వాటికి కూడా మామూలుగా వారంటు కావాలంది, కానీ పారిపోతున్నవాణ్ణి పట్టుకోవడానికి, ముంచుకొచ్చిన ప్రమాదం నుంచి ఎవరినైనా కాపాడటానికి మినహాయింపు ఉంచింది. ఆ మినహాయింపుకి సరిపోయేది ఆచూకీయే, నిఘా కాదు.

పోస్టు పెట్టినవారు:
ఇలా రాశాను: “వారంటు తెచ్చే వ్యవధి లేని ఆపదలో, బిడ్డను తీసుకుపోతున్న కారు ఆచూకీ కోసం పోలీసులు దానికి జీపీఎస్ తగిలించారు.”

రెండో జవాబు ఇచ్చినవారు:
ఇది తెలుగులా ఉంది. బిడ్డ దొరికిన మర్నాడు కూడా ఆ పరికరం పనిచేస్తూ ఉంటే మాత్రం, ఆ వాక్యంలో ‘నిఘా’ అనే రాయండి.