పాపకి నిమిషానికి 46 సార్లే గుండె కొట్టుకుంటోంది. పరుగు ఆపించాలా, వద్దా?

ఆమదాలవలస అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా స్కూల్ తరఫున 800, 1500 మీటర్లు పరిగెడుతోంది. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటరు మొన్న బీరువా సర్దుతుంటే బయటపడింది. పిల్లలిద్దరూ వేళ్లకి పెట్టుకుని ఆడుకుంటున్నారు. అందులో నాడి చిన్నవాడికి 92 చూపించింది, దీనికి 51. మిషన్ పాడైందనుకుని నా వేలికి పెట్టుకుంటే 84.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు గంటలప్పుడు లేచి, దాని మణికట్టు పట్టుకుని, ఫోన్ లైటు గోడ గడియారం మీద వేసి సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టాను. ఒక దెబ్బ కొట్టాక మళ్లీ కొడుతుందో లేదో అనిపించేంత సేపు ఆగుతోంది. 46. మళ్లీ చూశాను, 47. మళ్లీ 46. పిల్లేమో హాయిగా నిద్రపోతోంది.

స్కూల్లో పీఈటీ గారు "పరిగెత్తే పిల్లలకి అంతేనమ్మా, అది మంచి గుండె" అన్నారు. మా అత్తయ్యగారు మాత్రం "గుంటని ఆ పరుగుల్లోకి ఎల్లనీకు" అని పట్టుబట్టారు. మా ఆయన చెన్నైలో పనిలో ఉన్నారు, ఫోన్‌లో ఏం చెప్పినా ఇద్దరికీ టెన్షనే. నెల రోజుల్లో జిల్లా పోటీలున్నాయి. పిల్లకి ఆయాసం లేదు, కళ్లు తిరగడం లేదు. ఎవరి మాట వినాలి?

చీపురుపల్లి పీఈటీ:
అమ్మా, ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని గ్రౌండ్‌లో చూస్తున్నవాణ్ని, దయచేసి భయపడకండి. రోజూ దూరాలు పరిగెత్తే పిల్లల గుండె ఒక్క దెబ్బకే ఎక్కువ రక్తం తోస్తుంది. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎక్కువసార్లు కొట్టుకోవాల్సిన పని ఉండదు. నా దగ్గర పరిగెత్తిన పిల్లల్లో 50, 52 ఉన్నవాళ్లు చాలామంది.

మన ఆడపిల్లల్ని ఇలా భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టేస్తారు, నా బాధ అది. మీ ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట. అక్కడి మల్లీశ్వరిని ఇంట్లోవాళ్లు భయపడి ఆపేసి ఉంటే 2000లో సిడ్నీలో కాంస్యం వచ్చేదా? కొన్నేళ్ల కిందట నా దగ్గర ఒక పిల్ల ఉండేది. ఎవరో నాడి పట్టి "గుండె వీక్" అన్నారని మాన్పించేశారు. ఆ తరవాత ఏ జబ్బూ లేదని తేలింది. పిల్ల మాత్రం మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. మేడ మెట్లెక్కినా ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేదట. ఆ భయం ఎవరు పెట్టారు? పోటీలకి పంపండి.

నరసన్నపేట నాన్న:
మాస్టారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ నిమ్మళంగా కొట్టుకునే గుండెలన్నీ మంచి గుండెలు కావు. మా పాపకి పదకొండేళ్లప్పుడు నాడి 54. అది పరుగులు పెట్టే పిల్ల కాదు, అందుకని మాకు సర్దిచెప్పుకోడానికి కారణం కూడా లేదు. ఎప్పుడూ నిద్రమొహం. ఎండాకాలంలో కూడా దుప్పటి కావాలనేది. దువ్వెన నిండా జుట్టు. గోడ మీద పెన్సిల్‌తో ఎత్తు గీస్తాం కదా, ఏడాదిన్నరలో ఆ గీత దాదాపు కదల్లేదు. బద్ధకం అని తిట్టాను నేను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది. చివరికి రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువని తేలింది. మాత్ర మొదలుపెట్టాక కొన్ని నెలల్లో పిల్ల పిల్లలా అయింది, నాడి కూడా 80కి వచ్చింది. థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి చెల్లెమ్మా, ఒక్క రక్తం సీసాతో తేలిపోతుంది.

బొబ్బిలి కోడలు:
మా బాబుకి డెంగీ తగ్గాక ఇలాగే అయింది. డిశ్చార్జి రోజున నాడి 48. నేను ఏడ్చేశాను. డెంగీ నుంచి కోలుకునేటప్పుడు గుండె కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, తనే సర్దుకుంటుంది అన్నారు డాక్టరుగారు. అలాగే రెండు వారాల్లో 70లు దాటింది. మీ పాపకి ఈ మధ్య జ్వరం ఏదైనా వచ్చిందా అక్కా? అలాంటిదేమీ లేకపోతే నేనూ మాస్టారి పక్షమే. అన్నిటికీ పరీక్షలంటూ విశాఖ పరిగెత్తితే పిల్లకి లేని జబ్బు మనమే అంటిస్తాం.

స్టాఫ్ నర్స్, విజయనగరం:
పిల్లల వార్డులో పని చేస్తాను. డాక్టరుని కాను. చూసిందీ నేర్చుకున్నదీ చెబుతాను.

అమ్మా, ముందు మీరు చేసిన పని మంచిది. మిషన్ అంకె నమ్మకుండా పూర్తి నిమిషం వేలితో లెక్కపెట్టారు. వేలు చల్లగా ఉన్నా, పిల్ల కదిలినా, నెయిల్ పాలిష్ ఉన్నా ఆక్సీమీటరు తప్పు చూపించగలదు. పదమూడేళ్లకి మెలకువలో 60 నుంచి 100 మామూలు. నిద్రలో నలభైల్లోకి దిగడం ఆ వయసులో కొత్త కాదు. కాబట్టి రాత్రి 46 అన్నదొక్కటే పట్టుకుని గుండె బాదుకోకండి. నేనైతే మెలకువలో వచ్చిన 51 గురించే ఎక్కువ ఆలోచిస్తాను.

మాస్టారూ, దూరం పరిగెత్తేవాళ్లకి నాడి తగ్గుతుందన్నది నిజమే. కానీ మల్లీశ్వరి గారిది బరువులెత్తే ఆట. నాడిని బాగా తగ్గించేది పరుగు, సైకిలు, ఈత లాంటివి, బరువులు అంతగా కాదు. పైగా పిల్లల్లో ఆ తగ్గుదల పెద్దవాళ్లంత ఉండదు. పదమూడేళ్ల పిల్లకి 51 రాగానే "పరుగు వల్లే" అని కొట్టిపారేయడం నాకు సరి అనిపించదు.

"ఆయాసం లేదు, కళ్లు తిరగడం లేదు" అన్న మాట దగ్గర కూడా ఆగాలి. పుట్టుకతో వచ్చే హార్ట్ బ్లాక్ ఒకటుంది. గుండె పై గదుల నుంచి వచ్చే కరెంటు కింది గదులకి అందదు. కింది గదులు తమంతట తాము నెమ్మదిగా కొట్టుకుంటూ ఉంటాయి. అలాంటి పిల్లల్లో కొందరు బడికి వెళ్తూ ఆడుకుంటూనే పెద్దవాళ్లవుతారు, ఎవరో నాడి పట్టినప్పుడు బయటపడుతుంది. అది ఉందో లేదో బయటినుంచి చూసి చెప్పలేం. ఈసీజీలో తెలుస్తుంది. పది నిమిషాల పని, సూది కూడా ఉండదు. దానికి విశాఖ పోనక్కర్లేదు.

ఇంకో మూడు విషయాలు చెప్పండమ్మా. ఇంట్లో ఎవరైనా అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి, నాడిని తగ్గించే బీపీ మాత్రలు వాడుతున్నారా, పిల్లకి అందేలా ఉన్నాయా? పెరట్లో పచ్చ గన్నేరు ఉందా? దాని పప్పు గుండెని నెమ్మదింపజేసే విషం. మూడోది ముఖ్యం: మీ రెండు వైపులా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా?

ఆమదాలవలస అమ్మ:
జ్వరం రాలేదు చెల్లీ. సిస్టర్, గన్నేరు లేదు. అత్తయ్యగారి బీపీ మాత్రలు పై అరలో ఉంటాయి, లెక్క చూశాను, సరిగ్గానే ఉన్నాయి.

మూడో ప్రశ్న చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా మరిది, పాప చిన్నాన్న, నాలుగేళ్ల కిందట చెరువులో ఈత కొడుతూ పోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. ఈత రానివాడు కాదు, ఊళ్లో పిల్లలకి నేర్పినవాడు. చిన్నప్పుడు రెండుసార్లు ఆడుతూ ఆడుతూ పడిపోతే ఫిట్స్ అన్నారట. పోయాక గాలి తగిలిందన్నారు. అత్తయ్యగారు పరుగు వద్దంటున్నది అందుకేనని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఆవిడ ఆ మాట నోటితో అనలేదు, అంతే.

స్టాఫ్ నర్స్, విజయనగరం:
అయ్యో తల్లీ. ఇది చాలా ముఖ్యమైన విషయం. డాక్టరుకి మొదట చెప్పాల్సింది ఇదే.

ఈసీజీలో క్యూటీ అనే కొలత ఉంటుంది. కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం అనుకోండి. కొన్ని కుటుంబాల్లో అది పుట్టుకతోనే ఎక్కువ ఉంటుంది. ఆ పిల్లల్లో కొందరికి నాడి కూడా నెమ్మదిగా ఉంటుంది. పరుగులో, ముఖ్యంగా ఈతలో, గుండె లయ తప్పి పడిపోతారు. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. మీ మరిదిది అదేనని నేను అనడం లేదు. కానీ ఈత బాగా వచ్చినవాడు నీళ్లలో పోయాడంటే ఏ గుండె డాక్టరైనా ఈ ప్రశ్న అడుగుతారు. రేపే ఈసీజీ తీయించండి. అప్పటిదాకా పరుగూ ఈతా వద్దు. పోయింది మీ ఆయన తమ్ముడే కాబట్టి ఆయన్ని కూడా చెన్నైలో ఈసీజీ తీయించుకోమనండి. ఒకవేళ పిల్ల కళ్లు తిరిగి పడిపోతే నీళ్లు చల్లుతూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

చీపురుపల్లి పీఈటీ:
అమ్మా, పోటీలకి పంపమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ సంగతి తెలియకుండా అన్నాను. నేను ఇన్నేళ్లలో ఒక్క పిల్లని కూడా "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా" అని అడగలేదు. ఎత్తు, బరువు రాసుకుంటాం, అది రాసుకోం. రేపటినుంచి అడుగుతాను.

కానీ అందరికీ ఇదే సూత్రం పెట్టొద్దని ఇప్పటికీ అంటాను సిస్టర్. ఇంట్లో అలాంటి చరిత్ర లేని పిల్ల, నాడి 55, పరుగులో చురుగ్గా ఉంది. ఆ పిల్లని కూడా ఆపేయాలా?

స్టాఫ్ నర్స్, విజయనగరం:
ఈసీజీ తీయించాలి మాస్టారూ, అది బాగుంటే పరిగెత్తనివ్వాలి. నెలల తరబడి ఆపమని ఎవరంటున్నారు? ఈసీజీ వచ్చేదాకా రెండు మూడు రోజులు. మీరు చెప్పిన ఆ పిల్లకి ఎవరో నాడి పట్టి వదిలేశారు, పరీక్ష ఆలస్యమైంది. ఆమెని భయంలోకి నెట్టింది ఆ ఆలస్యమే. స్కూళ్లకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య టీమ్ ఉంది, 2013 నుంచి నడుస్తున్న పథకం. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూడటం వాళ్ల పనే. పరుగు పిల్లల పేర్లు వాళ్లకి ఇవ్వండి.

బొబ్బిలి కోడలు:
లేని జబ్బు అంటిస్తాం అన్నాను కదా అక్కా, మన్నించండి. ఏమైందో తప్పకుండా రాయండి.

ఆమదాలవలస అమ్మ:
నాలుగు రోజుల తరవాత రాస్తున్నాను. శ్రీకాకుళంలో ఈసీజీ తీశారు. మొదట తీసిన చోట చూసిన ఆయన కాగితం ఇలా తిప్పి "బానే ఉంది, తీసుకుపోండి" అన్నారు. మరిది సంగతి నేను గట్టిగా చెప్పాక వేరే డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచారు. బ్లాక్ లేదు, అది మంచి మాట. గుండె లయ మామూలుదే, నెమ్మదిగా ఉంది. క్యూటీ మాత్రం హద్దు దగ్గర ఉందట. నాడి నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ లెక్క కష్టమట, అందుకని విశాఖలో పిల్లల గుండె డాక్టరుకి రాశారు. గుండె స్కానింగు (ఎకో), ఒంటికి తగిలించి ఇరవై నాలుగు గంటలు గుండె లయ రాసుకునే హోల్టర్ మిషను అక్కడే. టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది నరసన్నపేట అన్నయ్యా. మా ఆయన కూడా చెన్నైలో ఈసీజీ తీయించుకుని ఫొటో పంపారు, అదీ పట్టుకెళ్తున్నాం.

పోటీలకి లేదని చెప్పాను. పాప పరుగు బూట్లు (స్పైక్స్) మంచం కిందకి తన్నేసి ఒక పూట మాట్లాడలేదు. రాత్రి తనే వచ్చి నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టింది. "అమ్మా, నీది 98" అంది. మరిది గురించి అప్పుడు చెప్పాను. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి విన్నారు. సోమవారం విశాఖ ప్రయాణం. ఆవిడ కూడా వస్తానన్నారు.

చీపురుపల్లి పీఈటీ:
పాపతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించగలరా అమ్మా? పోటీ ఎగ్గొట్టడం ఓడిపోవడం కాదని గ్రౌండ్ మనిషి చెబితే వింటుందేమో.

స్టాఫ్ నర్స్, విజయనగరం:
హోల్టర్ పెట్టే రోజు ముందుకి గుండీలుండే చొక్కా వేయండి, వైర్లు లోపలికి పోవాలి. పెట్టాక స్నానం కుదరదు, పొద్దున్నే తలంటి పోసి తీసుకెళ్లండి. నూనె, పౌడరు ఒంటికి రాయొద్దు, పట్టీలు అంటుకోవు. ఎన్నింటికి తింది, ఎన్నింటికి పడుకుంది, ఎప్పుడైనా గుండె దడగా అనిపించిందా, అన్నీ ఒక కాగితం మీద టైముతో సహా పాపనే రాయమనండి. మీ మరిది పాత కాగితాలు, ఫిట్స్‌కి వాడిన మందుల చీటీలు ఏవైనా ఉంటే పారేయకుండా పట్టుకెళ్లండి.

ఆమదాలవలస అమ్మ:
సరే సిస్టర్. చొక్కా అంటే స్కూల్ యూనిఫాం ఉంది. చీటీలు అత్తయ్యగారి ట్రంకుపెట్టెలో ఉన్నాయట, దాచుకున్నారు. ఇప్పుడే తీస్తున్నారు.