త్సురుమి లైన్‌లో ఉమి-షిబౌరా: దిగితే బయటికి పోనివ్వరా?

హమ_తెలుగు:
ఆదివారం యోకోహామా నుంచి నాన్నగారిని త్సురుమి లైన్‌లో ఒక కొసన ఉన్న ఉమి-షిబౌరా స్టేషన్‌కి తీసుకెళ్దామనుకుంటున్నా. ప్లాట్‌ఫారం నీళ్ల అంచునే ఉంటుందట. గేటు దాటితే తోషిబా ఫ్యాక్టరీ, ఉద్యోగులకి తప్ప ప్రవేశం లేదంటున్నారు. మరి సుయికా కార్డు (రీడర్‌కి తాకించే రైలు కార్డు) ఎక్కడ కొట్టాలి? అదే రోజు ఈ లైన్‌లోనే ఇంకో కొస అయిన ఓకావా కూడా చూడొచ్చా?

రైలుపట్టా:
ముందు యోకోహామాలో సరైన బండి ఎక్కండి. తొకాయిడో లైన్ బండి త్సురుమి పక్కనుంచే పోతుంది కానీ ఆగదు, నేరుగా కవాసాకిలో తేలతారు. లేత నీలం గీత ఉన్న కెయిహిన్-తోహోకు ఎక్కితే పది నిమిషాలు. త్సురుమిలో మెట్లెక్కితే పైన మన లైను. మధ్యలో ఉండే గేట్లు 2022లో తీసేశారు, అక్కడ కార్డు కొట్టక్కర్లేదు.

మూడు బోగీల బండి. ముందున్న బోర్డు చదివే ఎక్కండి, ఎక్కువ బండ్లు అసలు లైను కొసన ఉన్న ఒగిమాచి వైపువి. పొరపాటున అది ఎక్కినా అసానోలో దిగిపోతే చాలు, లైను చీలేది అక్కడే. అసానోలో ఉమి-షిబౌరా వైపు ప్లాట్‌ఫారాలు మాత్రం విడిగా, వంపు మీద ఉంటాయి. బండి వెళ్లే దిక్కుకి ఎడమవైపు కూర్చోండి. అసానో దాటాక కాలువ కిటికీ పక్కనే వస్తుంది.

షిఫ్ట్_బి:
కార్డు సంగతి. త్సురుమి తప్ప ఈ లైన్‌లో ఏ స్టేషన్‌లోనూ సిబ్బంది ఉండరు. ఉమి-షిబౌరాలో రీడర్లు రెండు, దిగేవాళ్లకొకటి, ఎక్కేవాళ్లకొకటి. ముందు దిగేదాని మీద కొట్టి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కేదాని మీద కొట్టండి. ఒకటే కొట్టి వచ్చేస్తే తర్వాతి గేటు దగ్గర కార్డు ఆగిపోతుంది, అప్పుడు కౌంటర్‌కి వెళ్లి సరిచేయించుకోవాలి.

ఫ్యాక్టరీలోకి వెళ్లలేకపోయినా ప్లాట్‌ఫారం చివర చిన్న పార్కు ఉంది, 1995లో తెరిచారు. అక్కడినుంచి కాలువకి అడ్డంగా త్సురుమి త్సుబాసా వంతెన కనిపిస్తుంది. ఫ్యాక్టరీ గేటు వైపు కెమెరా పెట్టకండి. తినడానికి ఏమీ దొరకదు, త్సురుమిలోనే కొనుక్కోండి. తిరుగు బండి టైము ముందే రాసిపెట్టుకోండి. ఒకటి తప్పితే నాన్నగారిని ఆ చలిగాలిలో చాలాసేపు కూర్చోబెట్టాలి.

రైలుపట్టా:
ఓకావా ఆ రోజు పెట్టుకోకండి. పనిదినాల్లో కూడా పొద్దున, సాయంత్రం తప్ప బండి ఉండదు, సెలవు రోజుల్లో ఇంకా తక్కువ. ఇంకో మెలిక: మ్యాప్‌లో ఓకావా వైపు చీలిక ముసాషి-షిరాయిషి స్టేషన్ దగ్గర కనిపిస్తుంది గానీ బండి మారాల్సింది అంతకుముందున్న అన్జెన్‌లో. ముసాషి-షిరాయిషిలో ఓకావా వైపు ప్లాట్‌ఫారం బాగా వంపు, 17 మీటర్ల పాత బోగీలే పట్టేవి. 1996లో వాటిని తీసేసి 20 మీటర్ల బోగీలు తెచ్చాక ఆ ప్లాట్‌ఫారమే ఎత్తేశారు.

అన్జెన్ అంటే జపనీస్‌లో అలాగే వినిపించే ‘భద్రత’ అనుకునేరు. బ్యాంకు యజమాని యసుడా జెన్‌జిరో పేరులోని ముక్కలవి. సముద్రం పూడ్చి ఈ నేల తీసిన అసానో సోయిచిరో పేరు అసానో స్టేషన్‌ది. మొత్తానికి షావుకార్ల లైను!

హమ_తెలుగు:
అయితే ఓకావా వద్దు. గంట మిగిలితే ఏం చూడాలి?

షిఫ్ట్_బి:
కోకుడో. త్సురుమి తర్వాత మొదటి స్టేషన్, కిలోమీటరు కూడా లేదు. 1930 నాటి కాంక్రీటు కమాను కింద పట్టపగలే చీకటిగా ఉంటుంది. బయటి గోడ మీద యుద్ధకాలపు తూటా గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడా దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి కార్డు కొట్టాలి, మర్చిపోకండి.