డొమైన్ "కొన్నాం" అనొచ్చా? ("భూమి నాదియన్న..." పక్కునా, ఫక్కునా?)

గట్టుమీది చెట్టు:
మా ఊరి గ్రంథాలయం వెబ్‌సైటుకు జమాఖర్చులు రాసేది నేనే. నిరుడు మా వెబ్‌సైటు చిరునామా పేరుకు కట్టిన సొమ్మును "డొమైన్ కొనుగోలు" అని రాస్తే, మా అధ్యక్షులవారు ఎర్ర సిరాతో కొట్టేసి పైన "అద్దె" అని దిద్దారు. "భూమి నాదియన్న భూమి..." అంటూ వేమన పద్యంలో సగం పాదం చదివి వెళ్లిపోయారు. ఆ తర్వాత "పక్కున నవ్వు"నా, "ఫక్కున నవ్వు"నా? బళ్లో "ఫ" అనే చదివినట్టు గుర్తు. డొమైన్‌కు ఏ మాట సరైనదో కూడా చెప్పండి. ఈ నెలాఖరుకు మళ్లీ డబ్బు కట్టాలి.

ఆటవెలది:
"పక్కున". పకపకలోంచి పుట్టిన మాట. అచ్చతెలుగు నవ్వుకు ఒత్తు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా అది "యన్న" కాదు, "యనిన".

పలకాబలపం:
"యన్న" గలం (గురువు, లఘువు), "యనిన" నగణం (మూడు లఘువులు). రెండూ సూర్యగణాలే కదా మాస్టారూ! యతి "భూ"కి "భూ"తో కుదిరిపోయింది కనుక ప, ఫల తగువు ఛందస్సు తీర్చదు. మా అమ్మమ్మ ఎప్పుడూ "ఫక్కున" అనే చదివేది. ఆపుకోలేక ఒక్కసారిగా గాలి తన్నుకొచ్చే నవ్వు అది. "ప"లో ఆ గాలి లేదు.

ఆటవెలది:
అమ్మమ్మగారి మీద గౌరవంతోనే అంటున్నాను, అది ఉచ్చారణ. పాఠం వేరు.

సిరామరక:
అసలు ప్రశ్నకు వద్దాం. "కొను" అంటే మొదట తీసుకోవడమే. కొనిపోవు, చేకొను, గైకొను, వీటిలో డబ్బు ఎక్కడుంది? డబ్బు సంగతి చెప్పాలంటే "వెలకుఁ గొను" అనేవారు. ఆ లెక్కన "డొమైన్ కొన్నాం" తప్పు కాదు.

విత్తనాలకొట్టు:
వ్యుత్పత్తి బాగుందండీ, కానీ "కొన్నాం" అనుకునే మేం దెబ్బతిన్నాం. నాన్నగారి కొట్టు పేరుకు 11 ఏళ్లు కట్టాం. ఒక ఏడు కార్డు గడువు తీరింది, హెచ్చరిక మెయిళ్లన్నీ ఉద్యోగం మానేసిన కుర్రాడి అడ్రసుకు వెళ్లాయి. .కామ్ పేర్లకు గడువు దాటాక రిజిస్ట్రార్‌ను (పేర్లు నమోదు చేసే సంస్థను) బట్టి కొన్నాళ్లు వెసులుబాటు ఇస్తారు. తర్వాత 30 రోజులు, జరిమానా కట్టి విడిపించుకోవచ్చు. చివరి 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆపైన ముందు వచ్చినవాడిదే పేరు. మేం చూసుకునేసరికి మా పేరు మీద వేరేవాళ్ల చెప్పుల ప్రకటన ఉంది. నాన్న ఆ తెర వంక చాలాసేపు చూశారు. ఎంత డబ్బున్నా ఒక్కసారికి 10 ఏళ్లకు మించి కట్టనివ్వరు. ఇది కొనడం ఎలా అవుతుంది?

సిరామరక:
అయితే "కౌలు" అనండి. అరబ్బీ "ఖౌల్" నుంచి వచ్చింది, అసలు అర్థం "ఇచ్చిన మాట". పేరును మాట మీద తీసుకోవడం!

కరణంగారి మనవడు:
కౌలుదారు పొలం అమ్మలేడు. డొమైన్ అమ్ముకోవచ్చు, ఇంకొకరి పేరున మార్చవచ్చు. కోర్టులూ ఒక్క మాట మీద లేవు. 2000లో అమెరికాలోని వర్జీనియా సుప్రీంకోర్టు ఇది సేవల ఒప్పందంలోంచి పుట్టిందే, అప్పు కింద జప్తుకు రాదంది. 2003లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఇది ఆస్తే అంది. మన సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్‌లాంటి రక్షణ ఉందని చెప్పింది.
నా మాట "పట్టా". దత్తమండలాల్లో (రాయలసీమ ప్రాంతంలో) కుంఫిణీ కలెక్టరు మన్రో స్థిరపరచిన రైత్వారీ, అంటే నేరుగా రైతు నుంచే శిస్తు తీసుకునే పద్ధతి చూడండి. ఏటా జమాబందీ (శిస్తు లెక్క తేల్చడం), శిస్తు కట్టినంతకాలం పొలం రైతుదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. బకాయిపడితే వేలం. రిజిస్ట్రంట్ (పేరు నమోదు చేయించుకున్నవాడు) అంటే పట్టాదారు, ఫీజు అంటే శిస్తు. తాతగారి అడంగల్ (ఊరి పొలాల లెక్క) కాగితాలు చూస్తూ పెరిగినవాణ్ని, ఇంతకన్నా దగ్గరి మాట నాకు తోచలేదు.

భాగవతప్రియ:
మీరంతా నేల దగ్గరే ఆగిపోయారు, డొమైన్ పేరు కదా! బలి శుక్రుడితో అన్నది చదవండి: "కారే రాజులు రాజ్యముల్ గలుగవే... భూమిపైఁ బేరైనం గలదే". రాజ్యాలు సరే, పేరైనా మిగిలిందా అంటున్నాడు. మూడడుగుల నేల అడిగినవాడు ఎదురుగా ఉండగా ఆ మాట అనగలగడం పోతనగారి బలికే చెల్లింది. ఎప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది.

పలకాబలపం:
అక్కడ "బేరు" చూసి "బేరం" అనుకున్న పిల్లలు నా క్లాసులో ఉన్నారమ్మా. అచ్చులో అరసున్న రాలిపోతే అంతే.

ఆటవెలది:
అరసున్న ఉన్నా లేకున్నా అది సరళాదేశం, పే "బే" అయింది. మీరు వేమన దగ్గర కూడా ఇంత జాగ్రత్తగా ఉంటే బాగుండేది.

గట్టుమీది చెట్టు:
అందరికీ నమస్కారాలు. ఇందాకే 3 ఏళ్లకు కట్టేశాను. పుస్తకంలో "డొమైన్ శిస్తు" అని రాశాను. అధ్యక్షులవారు ఇంకా చూడలేదు.

పలకాబలపం:
మంచి పని చేశారు. ఆయన చూసినప్పుడు పద్యం పూర్తిగా చదవమనండి. పాత చదువు కదా, "ఫ" అనే అంటారు.