తనకు మాలిన ధర్మం అంటున్నారు, ఏం జవాబు చెప్పాలి?

వంశధార_ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్లుగా అమెరికాలో, ఒహాయోలో ఉంటున్నాను. పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది. ఈ నవంబరులో ఇక్కడ మొదటిసారి ఓటు వేస్తాను.

ఆఫీసులో మధ్యాహ్నం మనవాళ్లం నలుగురం కలిసి తింటాం. మొన్న విదేశీ సాయం మాట వచ్చింది. 2025 జులైలో విదేశాలకు సాయం అందించే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను ఎత్తేసి, మిగిలిన పనులు విదేశాంగ శాఖలో కలిపేశారు కదా, అక్కడ మొదలైంది. మా ఫ్రెండ్ ఒకాయన "తనకు మాలిన ధర్మం దేనికండీ? ఇక్కడ రోడ్డు మీద పడుకునేవాళ్లు లేరా? మన ట్యాక్సు డబ్బు ముందు వాళ్లకి పెట్టాలి" అన్నాడు. ఆయన చెయ్యి ముడుచుకునే మనిషి కాదు. మా పాపకి అర్ధరాత్రి జ్వరం ముదిరితే మంచులో కారేసుకుని వచ్చినవాడు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు. కాదనాలని ఉంది, ఎందుకో చెప్పలేకపోయాను.

జాలిపడండి అని అడగడం కాకుండా, ఓటు వేసేవాడికి చెప్పగలిగే గట్టి కారణం మీకు తెలిస్తే రాయండి.

కాశీబుగ్గ_జీడి:

అన్నా, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. మాది వజ్రపుకొత్తూరు వైపు. తెల్లారి బయటికొస్తే ఊరంతా ఆకాశమే. అంతవరకు కొబ్బరి, జీడి చెట్ల నీడన బతికినవాళ్లం, ఒక్కసారిగా నెత్తిన ఎండ పడింది. కరెంటు లేదు, మోటార్లు ఆడక తాగడానికి నీళ్లు లేవు. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్ మా స్తంభాలు ఎక్కారు. "మా మనుషుల్ని అక్కడికెందుకు పంపారు" అని వాళ్ల జిల్లావాళ్లు అడ్డం పడితే మేం ఏమైపోదుం? నాకు తెలిసిన కారణం ఇదే.

మెళియాపుట్టి_నర్సమ్మ:

బాబూ, నేను ఏఎన్‌ఎమ్‌గా చేసి రిటైరయ్యాను. పాతపట్నం, మెళియాపుట్టి కొండల్లో సవర గూడేలు నా ఏరియా. రాజకీయం నాకు పెద్దగా రాదు. నా చేతుల మీదుగా జరిగింది చెప్తాను.

చిన్నప్పుడు మా బళ్లో కేర్ అనే సాయం సంస్థ వాళ్ల ఉప్మా పెట్టేవారు. పసుపుపచ్చటి మొక్కజొన్న రవ్వ. గిన్నె అడుగున అంటుకున్న మాడుకి మేం కొట్టుకునేవాళ్లం. నూనె డబ్బా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. అదేమిటని అడిగితే మాస్టారు చదివి చెప్పారు: ఇది అమెరికా ప్రజలు ఇచ్చింది అని. ప్రభుత్వం అని లేదు, ప్రజలు అని ఉంది. ఖాళీ అయిన డబ్బా ఒకటి మా అమ్మ అడిగి తెచ్చుకుని, తుప్పు పట్టేదాకా అందులో చోళ్లు పోసింది.

ఇప్పుడు పోలియో సంగతి. 1995 డిసెంబరులో పల్స్ పోలియో మొదలైంది. ఐస్ ప్యాకులు సర్దిన వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని తెల్లవారుజామున కొండెక్కేదాన్ని. ప్రతి సీసా మీద చిన్న గుండ్రం, దాని లోపల ఒక చదరం ఉంటుంది. ఎండ తగిలి మందు వేడెక్కితే ఆ చదరం నల్లబడుతుంది. చదరం, గుండ్రం ఒకే రంగులోకి వస్తే ఆ సీసా పారేయాల్సిందే, దాంట్లో ఎన్ని చుక్కలున్నా సరే. ప్రతి గుమ్మం ముందు కొంగు నీడన సీసా పెట్టుకుని ఆ చదరం చూసుకునేదాన్ని. బిడ్డ నోట్లో రెండు చుక్కలు, ఎడమ చేతి చిటికెన వేలికి గుర్తు, గోడ మీద సుద్దతో ‘పి’. బిడ్డ ఆ వేళకి ఇంట్లో దొరక్కపోతే ‘ఎక్స్’. ఎక్స్ వేసిన ఇంటికి మళ్లీ వెళ్లాలి.

2004 అనుకుంటా, ఒక గూడెంలో మూడేళ్ల పిల్లాడికి రాత్రికి రాత్రి కాలు పడిపోయింది. అలాంటి కేసు వస్తే ఒక రోజు తేడాతో రెండుసార్లు మలం శాంపిల్ తీసి, ఐస్‌లో ల్యాబ్‌కి పంపాలి. రెండు రాత్రులు ఆ గూడెంలోనే పడుకున్నాను. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే, రోడ్డు కూడా లేని ఊళ్లో కూలివాళ్ల బిడ్డ కోసం ఇంత ఏర్పాటు చేసిందెవరా అనిపించింది. మన ప్రభుత్వమే చేసింది, రానురాను ఖర్చులో ఎక్కువ భాగం కూడా మనదే. కానీ ఆ చుక్కల పని, కేసుల మీద నిఘా నిలదొక్కుకోవడానికి అమెరికా, బ్రిటన్, జపాన్, జర్మనీ ప్రభుత్వాల డబ్బు, రోటరీ వాళ్ల డబ్బు చేరింది.

మీ ఫ్రెండ్ లాంటివాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. తుపాను వస్తే బియ్యం బస్తాలు దించేస్తారు. కానీ పీహెచ్‌సీలో ఫ్రిజ్ ఆగకుండా తిరగాలి. ల్యాబ్‌లో మనిషికి నెలనెలా జీతం రావాలి. అలా పదిహేనేళ్లకు పైగా నడవాలి. 2011 జనవరి 13న బెంగాల్‌లో ఒక చిన్న పాపకి వచ్చిందే మన దేశంలో సహజ (వైల్డ్) వైరస్‌తో వచ్చిన ఆఖరి పోలియో కేసు. పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చింది 2014 మార్చిలో. ఆ మూడేళ్లలో అలాంటి కేసు ఒక్కటీ లేదు, అయినా మేం కొండలెక్కడం మానలేదు. లేని జబ్బుకి చందా ఎవరిస్తారు బాబూ? టీవీలో చూపించడానికి కూడా ఏమీ ఉండదు. అలాంటి పని చందాలతో సాగదు, ప్రభుత్వమే ఏటా బడ్జెట్‌లో పెట్టాలి. పెట్టాలని చెప్పేది మీలాంటి ఓటర్లే. మీ మంచితనం మీరు చూడని ఊరికి ఏళ్ల తరబడి అందాలంటే నాకు తెలిసిన దారి ఓటే.

విజయనగరం_కోట:

ఎకనామిక్స్ లెక్చరర్‌ని. నర్సమ్మ గారు చెప్పినదానికి లెక్క చేరుస్తాను, ఒక అభ్యంతరం కూడా చెప్తాను.

తనకు మాలిన ధర్మం అంటే తన కడుపు మాడ్చుకుని పెట్టడం. 2025 కోతలకు ముందు చాలా ఏళ్లపాటు అమెరికా ఫెడరల్ బడ్జెట్‌లో విదేశీ సాయం నూటికి ఒక డాలరు, అటూ ఇటూగా. సర్వేల్లో అక్కడి జనాన్ని అడిగితే సగటున నూటికి పాతిక అనుకుంటున్నారు. మీ ఫ్రెండ్‌ని ముందు ఆ అంకె అడగండి. రోడ్డు మీద పడుకునేవాడికి ఇల్లు లేనిది ఈ ఒక్క డాలరు వల్ల కాదు. ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే అంది. స్వీడన్, నార్వే, డెన్మార్క్ ఇచ్చి చూపించాయి. అమెరికా ఆ తర్వాత ఎన్నడూ దాని దరిదాపులకు రాలేదు. ఇది ఒక పార్టీ సంగతి కూడా కాదు. 2003లో హెచ్‌ఐవీ మందుల కోసం పెప్‌ఫార్ పథకం మొదలుపెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్. దాంతో రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిచాయని అమెరికా ప్రభుత్వమే చెబుతోంది.

అభ్యంతరం ఏమిటంటే, ఆ సాయం వెనక చేదు కూడా ఉంది. 1954లో వేరే దేశాలకు తిండిగింజలు పంపే పీఎల్-480 చట్టం చేసింది వాళ్ల మిగులు గోధుమలు వదిలించుకోవడానికి కూడా. 1965-67 కరువు కాలంలో అధ్యక్షుడు జాన్సన్ ఓడల్ని నెలనెలా కొంచెం కొంచెంగా వదిలాడు. మన వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక కారణం, వియత్నాం యుద్ధాన్ని మనం విమర్శించామన్న కోపం ఇంకొకటి. ఆకలిగా ఉన్నవాడి కంచం అలా పట్టుకు లాగడం నాకు మింగుడుపడదు.

మెళియాపుట్టి_నర్సమ్మ:

లెక్చరర్ గారూ, ఆ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. చదివితే బాధ కలిగింది. మాకు పెట్టిన ఉప్మా వెనక ఇంత కథ ఉందని ఆ వయసులో తెలిసే వీలు లేదు. కానీ తప్పు ఓడ వదలడంలో లేదు కదండీ, ఆపడంలో ఉంది. అందుకే ఓటరు ‘ఇవ్వండి’ అని ఊరుకోకూడదు, ఎలా ఇస్తున్నారో కూడా అడగాలి.

ఇంకొకటి బాబూ. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో టీకా వేయించుకోని ఒక యువకుడికి పోలియోతో కాళ్లు పడిపోయాయి. ఎక్కడ మిగిలినా అది అందరికీ ముప్పే అని మీ ఫ్రెండ్‌కి చెప్పవచ్చు. అది నిజం. అయినా ఆ ఒక్క కారణం మీదే ఆగిపోవద్దని నా కోరిక. మా గూడెం పిల్లాడి వల్ల అమెరికాకి ఏ ముప్పూ లేదనుకోండి, అప్పుడు వాడి కాలు సంగతి ఎవరికీ పట్టదా?

వంశధార_ఒడ్డు:

అమ్మా, రెండుసార్లు చదివాను. మా నియోజకవర్గం సభ్యుడు ఈ బడ్జెట్ కోతల మీద ఎటు ఓటేశాడో ఈ రాత్రే చూస్తాను. రేపు లంచ్‌లో ముందు ఆ నూటికి ఎంత అన్న ప్రశ్నే అడుగుతాను. ఒక్కటి చెప్పలేదు మీరు. ఆ పిల్లాడు ఏమయ్యాడు?

మెళియాపుట్టి_నర్సమ్మ:

పోలియో కాదని రిపోర్టు వచ్చింది. రిపోర్టు వచ్చినా అరవయ్యో రోజున మళ్లీ వెళ్లి చూసి రాయాలి, రూలు అది. వెళ్లేసరికి వాళ్ల అమ్మ కొండ మీదికి కట్టెలకి పోయింది. వాడు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాలు ఇంకా కాస్త ఈడుస్తున్నాడు. నన్ను చూసి మళ్లీ శాంపిల్ అడుగుతానేమోనని లోపలికి పరిగెత్తాడు.