ఎలైట్ డేంజరస్‌లో తిరిగిన చోట్లు ఎలా రాసిపెట్టుకుంటున్నారు? ఒక చంద్రుణ్ని పోగొట్టుకున్నా

చుక్కలరాయుడు:
గురువులూ, ఎలైట్ డేంజరస్ (అంతరిక్షంలో షిప్ నడిపే గేమ్) ఆడేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలీదు, ఉన్నవాళ్ళు కాస్త దారి చూపించండి. మొన్న సంక్రాంతికి రూమ్మేట్స్ అంతా ఊళ్ళకెళ్ళిపోయారు, నాకు సెలవు దొరకలేదు, ఆఫీసయ్యాక రూములో ఒక్కణ్ణే, సరేలే అని కొలోనియాకి బయల్దేరా. తెలీనివాళ్ళకి చెప్తున్నా, అది గేమ్‌లో దూరంగా ఉన్న ఒక సిస్టమ్ (ఒక నక్షత్రం, దాని గ్రహాలు), సూర్యుడి దగ్గర్నుంచి దాదాపు 22,000 కాంతి సంవత్సరాలు, నా షిప్ ఒక్క జంప్‌కి 50 చిల్లర దూకుద్ది, అంటే నాలుగొందల పైచిలుకు జంపులు. మొదట్లో ప్రతీ సిస్టమ్‌లో ఆగి స్కాన్ చేసి ఎక్సెల్‌లో నీట్‌గా కాలమ్స్ పెట్టి మరీ రాసుకున్నా, సిస్టమ్ పేరు, స్టార్ టైపు, ఎన్ని గ్రహాలు, ఇంకా "రిమార్క్స్" అని ఒక కాలమ్ కూడా (ఆడిట్ ఉద్యోగం బుద్ధి ఎక్కడికి పోద్ది). అరవయ్యో వరస దాటేసరికి ఓపికైపోయింది. అక్కణ్ణుంచి వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకోవడం మొదలెట్టా. ఇప్పుడు తీసి చూస్తే ఏముందో తెలుసా, "రెండు రింగులది బావుంది", "ఇందాకటి దాని పక్కది", "నీలం!!". ఏ నీలం రా నాయనా.

అసలు బాధ ఏంటంటే ఒక చంద్రుడు. రింగులున్న గ్యాస్ జెయింట్‌కి బాగా దగ్గరగా తిరుగుతోంది, దిగి చూస్తే ఆకాశంలో ఈ చివర్నుంచి ఆ చివరికి రింగు బట్టలారేసే తాడు కట్టినట్టు సన్నగీత, ఎదురుగా ఆ గ్రహం సగం ఆకాశం కమ్మేసి ఉంది. లైట్లు ఆపేసి ఊరికే చూస్తూ కూర్చున్నా. రెండు నెలలైంది, మళ్ళీ వెళ్దామంటే పేరు గుర్తులేదు, బుక్‌మార్క్ పెట్టలేదు, ఎక్సెల్‌లో లేదు, వాట్సాప్‌లో "వావ్" అని మాత్రం ఉంది. మీరంతా ఏం చేస్తారు? నోట్‌బుక్కా, ఏదైనా టూలా? నా చంద్రుడు దొరికే దారి ఏమన్నా ఉందా?

రాత్రిబండి:
పీసీలోనే ఆడావా? అయితే నీ చంద్రుడు ఎక్కడికీ పోలేదు బ్రో, నీ కంప్యూటర్‌లోనే ఉన్నాడు. గేమ్ నువ్వు అడక్కపోయినా డైరీ రాస్తూనే ఉంటుంది. విండోస్‌లో నీ యూజర్ ఫోల్డర్ తెరువు, అందులో సేవ్డ్ గేమ్స్, అందులో ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్, అందులో ఎలైట్ డేంజరస్. జర్నల్ అని మొదలయ్యే ఫైళ్ళు కుప్పలుగా ఉంటాయి, గేమ్ తెరిచిన ప్రతిసారీ కొత్తదొకటి. నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంటాయి. ఒక్కో లైను ఒక్కో సంఘటన, జంప్ చేస్తే ఒక లైను, స్కాన్ చేస్తే ఒక లైను, దిగితే టచ్‌డౌన్ అని ఒక లైను. ఆ టచ్‌డౌన్ లైన్‌లో దిగిన చోటు అక్షాంశం రేఖాంశం కూడా ఉంటాయి, అంటే అదే గుట్ట పక్కన మళ్ళీ దిగొచ్చు. సంక్రాంతి తారీకుల ఫైళ్ళు తీసి టచ్‌డౌన్ అని వెతుకు, అంతే.

ఇంకోటి, ఫోటో తీశావా? ఎఫ్10తో తీస్తే జర్నల్‌లో ఏ సిస్టమ్, ఏ గ్రహం దగ్గర తీశావో కూడా రాసుకుంటుంది. స్టీమ్ బటన్‌తో తీస్తే ఆ ముక్క ఉండదు, ఉత్త బొమ్మే.

చుక్కలరాయుడు:
ఓరి దేవుడా, స్టీమ్‌తోనే తీశా. ఇంటికెళ్ళి ఆ ఫోల్డర్ చూస్తా, ఇప్పుడు ఆఫీసులో ఉన్నా.

లెక్కలమాస్టారు:
బాబూ రాయుడూ, ఆ సిస్టమ్‌ల పేర్లు నోరు తిరగనివే గానీ అవి ఉత్తినే పెట్టినవి కాదు. పొలానికి సర్వే నంబరు ఉన్నట్టే. కొలోనియానే తీసుకో, ఆ పేరు పెట్టకముందు దాని అసలు పేరు ఇయోల్ ప్రౌ ఆర్‌ఎస్-టి డి3-94. ఇందులో ఇయోల్ ప్రౌ అనేది ఊరు, అంటే సెక్టారు, పొడవు వెడల్పు ఎత్తు అన్నీ 1280 కాంతి సంవత్సరాలుండే పెద్ద డబ్బా. ఆర్‌ఎస్-టి డి3 అనేది ఆ ఊళ్ళో సర్వే నంబరు, డబ్బాలో చిన్న డబ్బా. చివరి 94 ఆ చిన్న డబ్బాలో వరస నంబరు. మధ్యలో ఉన్న ఆ డి చూశావూ, అదే అసలు గుట్టు. ఆ అక్షరం 'ఏ' అయితే చిన్న డబ్బా 10 కాంతి సంవత్సరాలు, బి 20, సి 40, డి 80, అలా రెట్టింపవుతూ హెచ్ దగ్గర 1280, అంటే ఊరంతా ఒకే డబ్బా. అక్షరం పెరిగేకొద్దీ సిస్టమ్ మొత్తం బరువు కూడా పెరుగుద్ది, అందుకే 'ఏ' అక్షరం వాటిల్లో చల్లారిన బ్రౌన్ డ్వార్ఫులు ఎక్కువ, హెచ్ దగ్గరికెళ్తే బ్లాక్ హోళ్ళు. సూర్యుడి చుట్టుపక్కల చేత్తో పెట్టిన సెక్టార్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఈ ఊరి లెక్క అచ్చంగా కుదరదు, మిగతా గెలాక్సీ అంతా ఇంతే.

అంటే చివరి నంబరు మర్చిపోయినా ముందు పేరు రాసుకుని ఉంటే, డి సిస్టమ్ అయితే 80 కాంతి సంవత్సరాల డబ్బాలో వెతికితే చాలు. నేను దుకాణం ఖాతా పుస్తకం లాంటి పొడుగు పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తా, ఎడమ పేజీలో ఊరి పేరు ఒక్కసారి, కింద డబ్బాలు వరసగా, కుడి పేజీలో నాకు నచ్చింది ఒక్క ముక్క. మా ఆవిడ అదేదో చీటీల పుస్తకం అనుకుని కంగారు పడింది ఒకసారి, పేర్లు చదివి ఇంకా కంగారు పడింది.

ఓరుగల్లు_కమాండర్:
జర్నల్ ఉన్నది కదా అని బేఫికర్‌గా ఉండకు అన్నా. నా ముచ్చట చెప్త. నేను బీగల్ పాయింట్ దాకా పోయిన, సోల్ (మన సూర్యుడు) నుంచి 65 వేల కాంతి సంవత్సరాల పైనే, గెలాక్సీ అవతలి అంచు, పోనీకి రానీకి నెలలు పట్టింది. తర్వాత లాప్‌టాప్ మొరాయిస్తే రిపేర్ షాపుల ఇచ్చిన, వాడు డాక్యుమెంట్స్, ఫోటోలు అన్నీ కాపీ చేసి ఇచ్చిండు, సేవ్డ్ గేమ్స్ అనే ఫోల్డర్ ఒకటుంటదని వానికి తెల్వదు, నాకూ యాదికి రాలే. ఫార్మాట్ కొట్టిండు. వన్‌డ్రైవ్‌ల ఉంటదిలే అనుకున్న, అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే తీస్కుంటది, దీన్ని ముట్టదు. ఫస్ట్ డిస్కవర్డ్ అని నా పేరు పడ్డ గ్రహాలు గేమ్ సర్వర్ల ఇంకా ఉన్నయి, గని అవి యాడున్నయో నాకే తెల్వదు. ఎవలన్న ఆడికి పోతే నా పేరు చూస్తరు, నేను మాత్రం సూడలేను. ఇప్పుడైతే నెలకోసారి ఆ ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పెన్‌డ్రైవ్‌ల వేస్తున్న, టెక్స్టే కదా, జిప్ చేస్తే చానా తక్కువ జాగ పడ్తది.

గ్లిఫ్_పిల్ల:
నేను ఎలైట్ కాదు, నో మ్యాన్స్ స్కై (ఇదీ గ్రహాలు తిరిగే గేమే) బ్యాచ్, అయినా దూరుతున్నా 😄 మీకు జర్నల్ ఫైల్ ఉన్నందుకు సంతోషించండి, మాకు అలాంటి చదవగలిగే డైరీ ఏదీ లేదు, అన్నీ మనమే రాసుకోవాలి. మాకు అడ్రస్ అంటే 12 గ్లిఫ్‌లు, మొత్తం 16 బొమ్మల్లోంచి. ఫోటో మోడ్‌లోకి వెళ్తే ఆ గ్రహం గ్లిఫ్‌లు స్క్రీన్ మూల కనిపిస్తాయి, అందుకే నేను ప్రతి గ్రహం మీద ఫోటో మోడ్ ఆన్ చేసి ఒక స్క్రీన్‌షాట్ కొడతా, ఫోటో ఫోటోనే అడ్రస్ అడ్రసే. కానీ మొదట్లో ఒక పెద్ద తప్పు చేశా. గెలాక్సీలు 256 ఉన్నాయి, గ్లిఫ్‌లలో గెలాక్సీ పేరు ఉండదు, అవే 12 గ్లిఫ్‌లు ప్రతి గెలాక్సీలోనూ ఎక్కడికో అక్కడికి తీసుకెళ్తాయి. నేను యూక్లిడ్ అనే గెలాక్సీలో తీసిన అడ్రస్ ఐసెంటామ్ అనే ఇంకో గెలాక్సీలో కూర్చుని కొట్టి ఇక్కడ నా పచ్చగడ్డి గ్రహం ఏదీ అని గంటసేపు తిరిగా, విషపు వాన తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఫోటోల ఫోల్డర్‌కే గెలాక్సీ పేరు పెట్టేశా.

తారీకు కూడా రాసుకోండి. మాకు 2018 జులైలో నెక్స్ట్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఎన్నో గ్రహాల రూపమే మారిపోయింది, పేరు అదే, లోపల వేరే గ్రహం. పాత స్క్రీన్‌షాట్ లేకపోతే ముందు ఎలా ఉండేదో మనమే నమ్మం.

పాతకాపు:
అందరూ చెప్పేశారు కాబట్టి నేను టూల్స్ సంగతి మాత్రం. ఈడీడిస్కవరీ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, నీ జర్నల్స్ అన్నీ పాతవాటితో సహా చదివి తిరిగిన దారి వరసగా చూపిస్తుంది, ఏ సిస్టమ్ మీద క్లిక్ చేసినా పక్కన నోట్ రాసుకోవచ్చు, ఎఫ్10 ఫోటోలకి సిస్టమ్ పేరు తగిలించి పీఎన్‌జీగా మార్చి పెడుతుంది కూడా. ఎక్సెల్‌లో స్టార్ టైపు, గ్రహాల లెక్క రాయడం శుద్ధ దండగ, అదంతా జర్నల్‌లో నీకంటే బాగా ఉంది. నువ్వు రాయాల్సింది జర్నల్‌కి తెలీనిది, "తాడు లాంటి రింగు, లైట్లు ఆపి చూశా", అంతే. మాస్టారి కుడి పేజీ అన్నమాట. నెట్‌లో కూడా దాచుకోవాలంటే ఈడీఎస్ఎమ్, ఆడేవాళ్ళు పంపిన డేటాతో తయారైన గెలాక్సీ మ్యాప్ అది, దాంట్లో అకౌంట్ తీసుకుంటే ఓరుగల్లు తమ్ముడికి జరిగినట్టు ఫార్మాట్ అయినా ప్రయాణాల లాగ్ మిగులుద్ది.

కానీ రాయుడూ ఒక్క మాట, ఆ చంద్రుడి స్కాన్ డేటా గేమ్‌లో అమ్మావా లేదా? ఫస్ట్ డిస్కవర్డ్ అనేది ముందు చూసినోడికి రాదు, యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్‌లో (గేమ్‌లో స్కాన్ డేటా కొనే చోటు) ముందు అమ్మినోడికి వస్తుంది. పొలం దున్నింది నువ్వే అయినా పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాడిదే అన్నట్టు. అమ్మకుండా షిప్ పేలిందా, డేటా మొత్తం గోవిందా. ఇంకోటి, ఈడీఎమ్‌సీ లాంటి టూల్ పెట్టుకుంటే నువ్వు జంప్ చేసిన సిస్టమ్, చేసిన స్కాన్ వెంటనే ఈడీడీఎన్ అనే అందరూ వినే లైన్‌లోకి వెళ్ళిపోతాయి, ఎవడైనా చూసి నీకంటే ముందెళ్ళి అమ్మేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో డాక్ అయ్యేదాకా పంపొద్దు అని ఒక టిక్ ఉంటుంది, లోతుకి వెళ్ళేటప్పుడు అది పెట్టుకో. 400 బిలియన్ల సిస్టమ్స్‌లో నీ ఒక్కదాని మీద ఎవడు పడతాడు అంటావేమో, కొలోనియా దారి హైవే బాబూ, రోజూ జనం తిరుగుతుంటారు.

చుక్కలరాయుడు:
ఫోల్డర్ దొరికింది! కానీ చంద్రుడు దొరకలేదు 😭 నాకు బాగా గుర్తు, కనుమ రోజు రాత్రి ఒంటిగంట తర్వాతే దిగా, పక్క ఫ్లాట్ వాళ్ళు గారెలు పంపిస్తే తింటూ ఉన్నా, 17వ తారీకు వెయ్యాలి కదా. 17వ తారీకు టైము ఉన్న లైన్లన్నీ చూశా, జంపులే తప్ప ఒక్క టచ్‌డౌన్ లేదు. అసలు దిగలేదా, కల కన్నానా?

లెక్కలమాస్టారు:
లైన్ల లోపల ఉండే టైము మన టైము కాదయ్యా, యూటీసీ. ఐదున్నర గంటలు కలుపుకో. రాత్రి ఒంటిగంట అంటే అందులో ముందురోజు సాయంత్రం ఏడున్నర. 16 చూడు.

రాత్రిబండి:
అది చెప్పడం మర్చిపోయా సారీ. టచ్‌డౌన్ రెండు మూడు కనిపిస్తే కంగారు పడకు, నువ్వు షిప్‌ని పైకి పంపి మళ్ళీ పిలిస్తే అది తనంతట తాను దిగినా అదే లైను పడుద్ది.

చుక్కలరాయుడు:
మాస్టారూ మీ కాళ్ళకి దండం. 16వ తారీకు, 19:41. ఒక్కటే టచ్‌డౌన్, అక్షాంశం రేఖాంశంతో సహా. సిస్టమ్ పేరులో డి ఉంది, మీరు చెప్పిన 80 డబ్బా. నిన్న రాత్రి పడుకోకుండా వెళ్ళా, కొలోనియా నుంచి వెనక్కి 31 జంపులు, అదే గుంట పక్కన అదే చోట దిగా. ఈసారి గ్రహం నీడలో ఉన్నాం, మొత్తం చీకటి, రింగు కనపడలేదు. అరగంట కూర్చున్నా అలాగే, తర్వాత ఒక పక్కనుంచి సన్నగా వెలుగు గీత పుట్టింది. ఎఫ్10 కొట్టా. నోట్ రాశా. జర్నల్ ఫోల్డర్ జిప్ చేసి రెండు చోట్ల పెట్టా.

వాట్సాప్‌లో "నీలం!!" సంగతి మాత్రం ఇంకా తేలలేదు, అక్కడ దిగినట్టు లేదు, దాటుకుంటూ చూశానేమో. ఆ రోజు స్కాన్ చేసినవి రెండొందల పైన ఉన్నాయి.

గ్లిఫ్_పిల్ల:
అబ్బ, పేరు చెప్పు, ఎలైట్ సేల్‌లో కొనుక్కుని మరీ వచ్చి చూస్తా.

చుక్కలరాయుడు:
ఇప్పుడు కాదు, సంక్రాంతి ట్రిప్ డేటా ఇంకా అమ్మలేదు. కొలోనియాలో డాక్ అయ్యాక చెప్తా.

పాతకాపు:
రెండు నెలల్నుంచి అమ్మకుండా తిప్పుతున్నావా?! ముందు పోయి అమ్మవయ్యా బాబూ, దార్లో న్యూట్రాన్ స్టార్ల జోలికి పోకు, షిప్‌కి ప్రమాదం.