బోరు ఎండిపోయిన ఇంట్లో ‘దేవుని ఉద్దేశం’ గురించి మాట్లాడొచ్చా?

కళ్యాణదుర్గం_రైతుబిడ్డ:
అందరికీ వందనాలు. మా ఊళ్లో ఒకాయనకు శనక్కాయ పంట పోయింది, ఆ వెంటనే అప్పు చేసి వేయించిన బోరూ ఫెయిలైంది. వాళ్లింట్లో గృహ కూడిక పెట్టినప్పుడు మా సంఘ పెద్ద ఒకాయన "దేవుడు మిమ్మల్ని ఒక ఉద్దేశంతోనే ఈ దారిలో నడిపిస్తున్నాడు" అన్నాడు. ఇంటాయన లేచి బయటికి వెళ్లిపోయాడు, ఆదివారం ఆరాధనకు కూడా రాలేదు. పెద్దాయన చెప్పింది వాక్యమే కదా అని సంఘంలో సగం మంది అంటున్నారు. వాక్యమే కావచ్చు, అప్పుడు అనాల్సిన మాట కాదని నేనంటాను. మీరేమంటారు?

నంద్యాల_సిస్టర్:
బ్రదర్, నేను పెద్దాయన పక్షం. మా ఆయన పక్షవాతంతో మంచాన పడినప్పుడు నన్ను నిలబెట్టింది బైబిల్లోని రోమా 8:28 వచనం. దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకే జరుగుతాయన్న ఆ మాట లేకపోతే నేనేమైపోయేదాన్నో. ఉద్దేశం లేదంటే మాకు జరిగిందంతా ఊరికే జరిగిందనేనా? అది భరించడం ఇంకా కష్టం. ఇప్పుడు ఆసుపత్రి వార్డుల్లో రోగుల దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తున్నాను. మాకు ఆ కష్టం రాకపోతే నేను ఆ వార్డు గడప తొక్కేదాన్నే కాదు.

గుత్తి_పాఠకుడు:
అక్కా, ఆ మాట మీకు మీరు చెప్పుకున్నారు. పెద్దాయన ఎదుటివాడికి చెప్పాడు. తేడా అక్కడే ఉంది. బైబిల్లో యోబు గ్రంథమే చూడండి. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి, ఆయన బాధ చూసి ఏడు రోజులు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు బాగుంది. నోరు తెరిచాకే చెడింది. నీ కష్టానికి కారణం ఇదీ అని దేవుని తరఫున వకీళ్లలా వాదించారు. 42వ అధ్యాయంలో దేవుడు కోపపడింది వాళ్ల మీద. దేవుణ్ణే నిలదీసిన యోబు సరిగ్గా మాట్లాడాడని అక్కడే ఉంది. లేచి బయటికి వెళ్లిపోయినంత మాత్రాన మీ ఊరాయన విశ్వాసం పోయిందని ఎవరూ అనుకోవద్దు.

కడప_విశ్వాసి:
యోబు సరే అన్నా, యోహాను 9వ అధ్యాయం సంగతేంటి? పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, ఎవరి పాపమూ కాదు, దేవుని క్రియలు ఇతనిలో కనబడాలని అన్నాడు ప్రభువు. అది ఉద్దేశం గురించి చెప్పడం కాదా? పైగా ఆ గుడ్డివాడి ఎదుటే చెప్పాడు.

గుత్తి_పాఠకుడు:
మంచి ప్రశ్నే అడిగావు తమ్ముడూ. కానీ ఆ మాట అని ప్రభువు తన దారిన వెళ్లిపోయాడా? వెంటనే వంగి బురద చేసి కళ్లకు పూశాడు. కోనేటికి పంపాడు. చూపొచ్చింది. మన పెద్దాయన మొదటి సగం చెప్పి, టీ తాగి ఇంటికి పోయాడు.

నాస్తికుడు_కర్నూలు:
మీలో మీరు కొట్టుకుంటున్నారు కాబట్టి నేనూ ఒక మాట అంటా. కష్టంలో విశ్వాసం అంటే చాలామందికి కడుపు కోసమే. ధాత కరువులో జనం చర్చిల్లో చేరింది గింజల కోసం కాదా?

గుత్తి_పాఠకుడు:
కొందరు అలా చేరి ఉండొచ్చు, కాదనను. అయితే ఆ 1876–78 కరువులోనే ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఏం చేశాడో కూడా తెలుసుకో. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి చూపించాడు. గింజల కోసం వస్తున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. కూలి ఆగిపోయాక కూడా వచ్చారంటే కడుపు ఒక్కటే కారణం అనలేం. మన వాదనకు పనికొచ్చేది ఇంకోటుంది. ఆయన ముందు పార పట్టించాడు, వాక్యం ఆ తర్వాత.

నాస్తికుడు_కర్నూలు:
పార సంగతి ఒప్పుకుంటా. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (గ్రామీణాభివృద్ధి ట్రస్టు) పనులు చూశాను. ఆ పని చేయడానికి దేవుడెందుకని నా ప్రశ్న. దానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

నంద్యాల_సిస్టర్:
తమ్ముడూ, నీకు అక్కర్లేదేమో, నాకు కావాలి. ప్రార్థన చేసుకోకుండా ఆ వార్డులోకి రెండో రోజు వెళ్లే ధైర్యం నాకు లేదు. గుత్తి అన్నా, ముందు సాయం అన్న మాట ఒప్పుకుంటున్నా. ఈ నెల కానుకల్లోంచి ఆ ఇంటికి ఇవ్వమని మా పాస్టరు అయ్యగారిని అడుగుతా. కానీ ఉద్దేశం లేదని మాత్రం నా చేత అనిపించలేరు. ఆ ఇంటాయన నోరు తెరిచి ‘ఎందుకక్కా ఇలా’ అని అడిగిన రోజు నా సాక్ష్యం చెప్తా. అడగకపోతే చెప్పను.

కడప_విశ్వాసి:
అడగకపోతే అసలు చెప్పకూడదంటే సువార్త ఎలా చెప్తాం అక్కా? దీనికి నేను ఒప్పుకోను.

కళ్యాణదుర్గం_రైతుబిడ్డ:
దాని మీద వేరే చర్చ పెట్టు తమ్ముడూ, వస్తాను. ఇక్కడ ఒక అర్జెంటు విషయం. ఆ ఇంటాయన సోమవారం బెంగళూరు బిల్డింగు పనికి పోతున్నాడు. ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు ఉంటారు. మొన్నటి వానకు నేల మెత్తబడింది, దున్నే మనిషి లేడు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ట్రాక్టరు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, డీజిలు నేను పోయిస్తా. నాస్తికుడన్నా, నీకు తెలిసినవాళ్లున్నా సరే.