అప్‌డేట్: ఆర్కిమేట్ డయాగ్రమ్‌లో బాణం తిరగబడిందనుకున్న సమస్య తీరింది

ఆర్కిమేట్ అంటే సంస్థల వ్యాపారం, సాఫ్ట్‌వేర్ ఎలా అల్లుకుని ఉన్నాయో బొమ్మగా గీసే మోడలింగ్ భాష. అందులో గీసిన ఒక డయాగ్రమ్ చూసి, పేమెంట్ సర్వీస్‌ను పిలిచేది ఆర్డర్ అప్లికేషన్ కదా, మరి బాణం సర్వీస్ నుంచి ఆర్డర్ వైపు ఎందుకుంది అని పోయిన వారం అడిగాను. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

డయాగ్రమ్ సరిగ్గానే ఉంది, నేనే తప్పుగా చదివాను. ఆ బాణం చూపేది సర్వింగ్ సంబంధం. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో అది చెప్పదు, ఎవరు ఎవరికి సేవ అందిస్తున్నారో చెబుతుంది. పాత వెర్షన్లలో దాని పేరు ‘యూజ్డ్ బై’ అనీ, 2016లో ఆర్కిమేట్ 3.0తో ‘సర్వింగ్’ అయిందనీ ఒకరు రాశారు చూడండి, అక్కడే నాకు విషయం తలకెక్కింది. ‘సర్వీస్‌ను ఆర్డర్ వాడుకుంటుంది’ అని చదివితే బాణం దానంతటదే సరిపోయింది.

డేటా ఎటు వెళ్తుందో చూపాలంటే ఫ్లో అనే వేరే సంబంధం వాడాలట. దానిది మధ్యమధ్య తెగిన గీత, బాణం కొన నిండుగా ఉంటుంది. సర్వింగ్‌ది తెగని గీత, కొన తెరిచి ఉంటుంది. జూమ్ చేస్తే గానీ నాకు తేడా కనబడలేదు!

ఫైల్ ఇంపోర్ట్‌లో పాడైందేమోనన్న అనుమానంతో డయాగ్రమ్ టూల్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, సాయంత్రమంతా వేస్ట్.